వాయిస్ ఆర్టిస్టుకి ఏజెంటు ఎలా దొరుకుతారు? కోనసీమ నుంచి అడుగుతున్నాను

లంకల అమ్మాయి (రాజోలు)
సోమవారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర లంక గ్రామం. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. సాయంత్రాలు లోకల్ కేబుల్ ఛానల్‌కి వార్తలు చదువుతాను. బంగారం షాపులు, బట్టల షాపులు, కాలేజీ అడ్మిషన్లు... మా చుట్టుపక్కల ఆటో మైకులో తిరిగే ప్రకటనల్లో చాలా వాటికి గొంతు నాదే.

ఇప్పుడు దీన్నే వృత్తిగా చేసుకోవాలని ఉంది. డబ్బింగ్ గానీ, ఆడియో పుస్తకాలు గానీ, యాడ్స్ గానీ ఏదైనా సరే. పని వెతికిపెట్టే ఏజెంటు ఒకరుంటే బాగుంటుందని నెట్‌లో చూస్తే అన్నీ అమెరికా సంగతులే కనిపిస్తున్నాయి. మన తెలుగులో అలాంటివాళ్ళు ఉన్నారా? ఉంటే వాళ్ళని ఎలా కలవాలి?

ఇంకో సంగతి. మొన్న హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేసి "మీ వాయిస్ సూపరండి, మా ఏజెన్సీలో రిజిస్టర్ అవ్వండి, పోర్ట్‌ఫోలియోకి, ఆర్టిస్ట్ కార్డుకి కలిపి ఫీజు కడితే సినిమాలో ఛాన్సు గ్యారంటీ" అన్నారు. మా ఆయన "తెలిసినవాళ్ళని అడిగాకే కట్టు" అన్నారు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

---

కృష్ణానగర్ గొంతు (సొంతూరు పాలకొల్లు, ఉండేది హైదరాబాద్)
సోమవారం, రాత్రి 9.48

చెల్లెమ్మా, ముందు ఆ ఫోన్ సంగతి. రూపాయి కూడా కట్టొద్దు. పని ఇప్పించేవాడు మనకి వచ్చే డబ్బులోంచి తన వాటా తీసుకుంటాడు. మన జేబులోంచి ముందే తీసుకునేవాడికి మనకి పని దొరికినా దొరక్కపోయినా ఒకటే. "గ్యారంటీ" అన్న మాట ఈ ఫీల్డులో డైరెక్టరే అనలేడు. రేపు హీరోయిన్ మారితే ఆమెకి చెప్పే గొంతూ మారిపోతుంది.

ఆర్టిస్ట్ కార్డు అన్నాడు కదా, అది ఏజెన్సీలు ఇచ్చేది కాదు. డబ్బింగ్ ఆర్టిస్టులకి యూనియన్ ఉంది. సినిమా కార్మికుల ఫెడరేషన్‌లో అదీ ఒక భాగం. సభ్యత్వం కావాలంటే యూనియన్ ఆఫీసుకే వెళ్ళి, నిబంధనలు కనుక్కుని, అక్కడే కట్టి రసీదు తీసుకోవాలి. మధ్యలో ఇంకొకరి చేతికి ఇవ్వక్కర్లేదు.

ఇక మన దగ్గర పని ఎలా నడుస్తుందో చెబుతాను. సినిమా డబ్బింగ్‌లో మీరనుకునే ఏజెంటు ఉండడు. డబ్బింగ్ ఇన్‌ఛార్జ్ ఉంటాడు. "అత్త పాత్రకి యాభై ఏళ్ళ గొంతు, కొంచెం కరుకుగా" అని డైరెక్టర్ చెబితే, తన ఫోన్లో ఉన్న వాళ్ళలో ముగ్గురు నలుగురిని పిలిచి వాయిస్ టెస్ట్ చేయిస్తాడు. ఆ ఫోన్లో మీ పేరు ఉండాలి, అదే అసలు పని. దానికి దగ్గర దారి క్రౌడ్ డబ్బింగ్. పెళ్ళి సీనులో వెనక మాటలు, సంతలో అరుపులు, ఆసుపత్రిలో నర్సు చెప్పే ఒక్క డైలాగు. డబ్బు తక్కువే. కానీ టైముకి వచ్చిందా, పెదవి కదలిక పట్టుకుందా, రెండో టేకుకి సరిచేసుకుందా అన్నది ఇన్‌ఛార్జ్ అక్కడే చూస్తాడు.

సాయికుమార్ గారు రాజశేఖర్ గారికీ, సుమన్ గారికీ చెప్పిన రోజుల్లో కూడా ఇంతే. ఆయన నాన్నగారు పి.జె.శర్మ గారు డబ్బింగ్ చెప్పినవారే, తమ్ముడు రవిశంకర్ గారూ అంతే. ఆ ఇంటి గొంతులు స్టూడియోల్లో అందరికీ తెలుసు. మనకి ఆ పరిచయం పుట్టుకతో రాదు కాబట్టి థియేటర్ దగ్గర కనబడుతూ ఉండాలి. థియేటర్ అంటే డబ్బింగ్ థియేటర్, సినిమా హాలు కాదు.

---

నరసాపురం టు న్యూజెర్సీ
మంగళవారం, ఉదయం 6.05

అమెరికా సంగతులు చదివి కంగారు పడ్డారని అర్థమైంది. ఇక్కడ పద్ధతి వేరు. నటుల యూనియన్ సాగ్-ఆఫ్ట్రాతో ఒప్పందం ఉన్న ఏజెంటు కమిషన్ 10 శాతం. యూనియన్ బయటి పనికి ఇంకొంచెం ఎక్కువ అడుగుతారు. ముందుగా ఫీజు అడిగితే ఇక్కడా మోసం కిందే లెక్క. కాలిఫోర్నియాలో అయితే 2009లో దీని మీద చట్టమే చేశారు. పని ఇప్పిస్తామని ముందస్తు ఫీజు వసూలు చేస్తే అక్కడ నేరం. మీకొచ్చిన ఫోన్ లాంటివి అక్కడ లెక్కలేనన్ని వస్తేనే కదా అలాంటి చట్టం అవసరమైంది.

ఇక్కడి ఏజెంటు కూడా ఆడిషన్ దాకానే తీసుకెళ్తాడు. పాత్ర తెచ్చుకోవాల్సింది మనమే. అసలు కొంత పని చేసి చూపించకపోతే కొత్తవాళ్ళ మెయిల్‌కి జవాబు కూడా రాదు.

ఒక జాగ్రత్త. ఇంగ్లీషు వీడియోలు చూసి చాలామంది ఆడియో పుస్తకాల కోసం ఏసీఎక్స్ అనే సైట్‌లో చేరాలని చూస్తారు. అది అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్‌లో ఉండేవాళ్ళకే. రాజోలు నుంచి కుదరదు, దాని కోసం కోర్సులు కొనకండి. వాయిస్123 లాంటి సైట్లకి డబ్బు కట్టి ప్రొఫైల్ పెట్టుకోవచ్చు గానీ అవి ఏజెంట్లు కావు. సంతలో కొట్టు అద్దెకి తీసుకోవడం లాంటిది, బేరం మనమే చేసుకోవాలి.

తెలుగుకి ఇక్కడి నుంచి వచ్చే పని వేరే ఉంది. అనువాద కంపెనీలకి ఆసుపత్రుల సూచనలు, ఫోన్ మెనూలు, ఉద్యోగుల శిక్షణ వీడియోలు తెలుగులో చదివేవాళ్ళు కావాలి. వాళ్ళ వెబ్‌సైట్లలో "వాయిస్ టాలెంట్" అని దరఖాస్తు ఉంటుంది. ఫీజు ఉండదు. ఈ పనిలో సినిమా గొంతు అక్కర్లేదు, తప్పు లేకుండా నిదానంగా చదివితే చాలు. తెలుగు టీచర్ కాబట్టి మీకిది బాగా కుదురుతుంది.

---

భీమవరం బేస్ వాయిస్
మంగళవారం, ఉదయం 8.30

కృష్ణానగర్ అన్న చెప్పింది సినిమా వరకు నిజం. కానీ అందరూ హైదరాబాద్ వెళ్ళి థియేటర్ల చుట్టూ తిరగాల్సిందే అంటే ఒప్పుకోను. నేను భీమవరం దాటకుండానే చేస్తున్నాను. రొయ్యల మేత కంపెనీల వీడియోలు, విత్తనాల యాడ్స్, యాప్‌లలో సీరియల్ కథలు చదివాను. హైదరాబాద్‌లో, ముంబైలో వాయిస్ బ్యాంకులు ఉన్నాయి. మన శాంపిల్ వాళ్ళ జాబితాలో పెట్టుకుంటారు, క్లయింట్ అడిగితే వినిపిస్తారు, పని కుదిరితే వాళ్ళ వాటా మినహాయించి మనకి ఇస్తారు. తెలుగులో ఏజెంటుకి దగ్గరగా ఉన్నది ఇదే. ఒకే బ్యాంకుకి కట్టుబడక్కర్లేదు, నాలుగు చోట్ల పేరు ఉండటం మామూలే. "మాకు తప్ప ఎవరికీ చెయ్యకూడదు" అని కాగితం పెడితే, నెలకి కనీసం ఎంత పని ఇస్తారో కూడా అందులో రాయమని అడగండి.

---

కృష్ణానగర్ గొంతు
మంగళవారం, మధ్యాహ్నం 1.15

తమ్ముడూ, నువ్వన్నది యాడ్స్, నరేషన్ వరకు సరే. సినిమా, వెబ్ సిరీస్ డబ్బింగ్ ఇంటి నుంచి అవ్వదు. సినిమా బొమ్మ బయటికి ఇవ్వరు, ఇంజనీరు పక్కన ఉండాలి, డైరెక్టర్ అప్పటికప్పుడు "ఆ నవ్వు తగ్గించు" అంటాడు. ఆమె డబ్బింగ్ కూడా అడిగింది కాబట్టి చెప్పాను. ఏది కావాలో ముందు తేల్చుకుంటే ఎవరిని పట్టుకోవాలో తేలుతుంది.

---

కాకినాడ సౌండ్
మంగళవారం, రాత్రి 10.20

రికార్డింగ్ స్టూడియో నడుపుతాను, కాబట్టి శాంపిల్ గురించి చెబుతాను. గొంతులు వెతికిపెట్టే కోఆర్డినేటర్‌కి వెళ్ళే ఫైళ్ళు నా చేతి మీదుగా చాలా వెళ్ళాయి. వాళ్ళు మొదటి పది సెకన్లు వింటారు. నచ్చితే ఇంకో ఇరవై. అందుకే శాంపిల్ నిమిషం, మహా అయితే నిమిషంన్నర. "నమస్కారం, నా పేరు ఫలానా, నాకు చిన్నప్పటి నుంచి..." అంటూ మొదలుపెడితే ఆ పది సెకన్లు అక్కడే అయిపోతాయి. పేరు చెప్పి నేరుగా పనిలోకి దిగండి.

అన్నీ ఒకే ఫైల్లో కుక్కొద్దు. యాడ్స్‌కి ఒకటి, నరేషన్‌కి ఒకటి, పాత్రలకి ఒకటి. ఒక్కో ముక్క పది, పదిహేను సెకన్లు. అన్నిటికన్నా బాగా వచ్చింది మొదట పెట్టండి, చివరికి దాచిపెడితే అంతవరకు ఎవరూ వినరు. వెనక మ్యూజిక్ గొంతుని మింగకూడదు. పాత్రల ఫైల్‌కి అసలు మ్యూజిక్కే వద్దు. పేరున్న హీరోయిన్ల గొంతు అనుకరించి పంపేవాళ్ళుంటారు. వాళ్ళకి కావాల్సింది ఆ గొంతైతే ఆవిడనే పిలుస్తారు కదండీ.

ఇప్పుడు గది. డెల్టాలో ఇంటి రికార్డింగ్‌కి ఉండే బాధలు హైదరాబాద్ వాళ్ళకి తెలియవు. రొయ్యల చెరువు అర కిలోమీటరు దూరంలో ఉన్నా రాత్రి ఏరేటర్ల (చెరువులో నీళ్ళు చిలికే యంత్రాల) చప్పుడు మైకులో కింద ఒక గుర్రుమనే శబ్దంలా పడుతుంది. చెవికి తెలియదు, హెడ్‌ఫోన్‌లో తెలుస్తుంది. వానాకాలం కప్పలు. రేకుల ఇల్లయితే చినుకు పడితే పని ఆపేయడమే. పాత ఇళ్ళలో ఎర్తింగ్ సరిగా ఉండదు, అందుకే ఫైల్లో 50 హెర్ట్జ్ కరెంటు హమ్ వస్తుంది. లాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి. హమ్ పోతే తప్పు మైకుది కాదు, కరెంటుది.

ఫ్యాన్ ఆపాలి. అటక ఉన్న చిన్న గదిలో గోడలకి బొంతలు కట్టి, ఎదురుగా బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపు తీసి పెట్టుకోండి. ఏమీ మాట్లాడనప్పుడు రికార్డింగ్ మీటరు మైనస్ 60 డెసిబెల్స్ కింద ఉండాలి, గట్టిగా మాట్లాడినప్పుడు మైనస్ 3 దాటకూడదు. వీడియో పనికి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైల్. ఇక్కడి తేమకి కండెన్సర్ మైకులు త్వరగా పాడవుతాయి, పని అయ్యాక సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టి మూత పెట్టాలి. కొత్తగా కొనేవాళ్ళకి మంచి డైనమిక్ మైకు చాలు, దూరపు ఏరేటర్ల చప్పుడూ అందులో తక్కువ పడుతుంది.

---

పద్యం మాస్టారు (అమలాపురం)
బుధవారం, ఉదయం 7.00

అమ్మాయీ, ఏజెంటు సంగతి వీళ్ళు చెప్పారు, గొంతు సంగతి నేను చెబుతాను. పరిషత్తు నాటకాలకి యువకులని తయారుచేస్తూ ఉంటాను. ఇప్పుడొచ్చేవాళ్ళలో శ, ష, స మూడూ ఒకటే అయిపోతున్నాయి. కళకీ కలకీ తేడా వినపడటం లేదు. ఖ, ఘ లాంటి మహాప్రాణాలు ఎక్కడ ఊపిరి వదలాలో తెలియక మాటంతా నొక్కేస్తున్నారు. నువ్వు తెలుగు చెబుతావు గనక నీకు ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు, కానీ పాఠం చెప్పే గొంతు వేరు, మైకు ముందు గొంతు వేరు. క్లాసులో చివరి బెంచీకి వినపడాలని అలవాటైపోతుంది. మైకు నోటికి జానెడు దూరంలో ఉంటుంది, ఒక్క మనిషికి చెప్పినట్టు చెప్పాలి.

ఆకాశవాణిని మర్చిపోవద్దు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడి నాటకాలు విని మాటతీరు నేర్చుకున్నవాళ్ళు మా తరంలో ఎంతోమంది. నాటక కళాకారులకి ఆడిషన్ పెట్టి గ్రేడు ఇస్తారు. ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు చెయ్యి. గ్రేడు వచ్చిందని రాస్తే ఏ కోఆర్డినేటరైనా శాంపిల్ తెరిచి వింటాడు.

యాస విషయం. సినిమాల్లో గోదావరి మాట అనగానే వాక్యానికొక "ఆయ్" తగిలిస్తున్నారు. మన మాట అది కాదు. వాక్యం చివర గొంతు ఎక్కడ లేస్తుంది, ఎక్కడ సాగుతుంది, "అండి" ఎంత తేలిగ్గా జారుతుంది, అందులో ఉంది. కోనసీమ మాటకీ భీమవరం మాటకీ కూడా తేడా ఉంది. ఆ శాంపిల్ ఒకటి తప్పకుండా పెట్టు. దాని పక్కనే యాస ఛాయ లేకుండా చదివినదీ పెట్టు. రెండూ చెయ్యగలవని తెలియాలి.

---

లంకల అమ్మాయి
బుధవారం, రాత్రి 9.30

మాస్టారూ, అన్నయ్యలూ, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలండి. ఫీజు కట్టనని ఆ ఫోన్ ఆయనకి చెప్పేశాను. "మీ ఇష్టం, తర్వాత బాధపడతారు" అని పెట్టేశారు.

స్కూలు, పాప ఉండగా హైదరాబాద్ మకాం ఇప్పుడు కుదరదు. కాబట్టి ముందు నరేషన్, యాడ్స్, ఆడియో పుస్తకాలు. వేసవి సెలవుల్లో నరసాపురం నుంచి రైలెక్కి వెళ్ళి డబ్బింగ్ థియేటర్లు చూసి వస్తాను. వాయిస్ బ్యాంకులకి పంపడానికి ఈ మెసేజ్ రాసుకున్నాను, చూసి చెప్పండి:

"గౌరవనీయులైన సార్ గారికి, నేను చిన్నప్పటి నుంచి వక్తృత్వ పోటీల్లో బహుమతులు గెలుచుకున్నాను. నా గొంతు చాలా బాగుంటుందని అందరూ అంటారు. కష్టపడి పనిచేస్తాను. దయచేసి ఒక్క అవకాశం ఇప్పించి ప్రోత్సహించగలరు."

---

భీమవరం బేస్ వాయిస్
బుధవారం, రాత్రి 9.52

అక్కా, ఏమీ అనుకోకండి, ఇది వద్దు. బతిమాలుతున్నట్టు ఉంది. వాళ్ళు మనకి మేలు చేయడం లేదు, వాళ్ళ క్లయింట్‌కి గొంతు కావాలి. ఇలా పంపండి:

"నమస్కారం. తెలుగు మహిళా వాయిస్ ఆర్టిస్టుని, రాజోలు నుంచి. వాయిస్ ఏజ్ 20 నుంచి 40. కేబుల్ వార్తలు, షాపుల ప్రకటనలు చేస్తున్నాను. యాడ్స్, నరేషన్, గోదావరి యాస శాంపిల్స్ మూడు లింకులు కింద ఉన్నాయి. ఇంటి నుంచి వేవ్ ఫైల్ మరుసటి రోజుకల్లా పంపగలను."

అంతే. వాయిస్ ఏజ్ అంటే మన వయసు కాదు, గొంతులో వినపడే వయసు. జాబితాలో వెతికేది దాన్ని బట్టే. నెల తర్వాత ఒకసారి కొత్త శాంపిల్‌తో గుర్తు చేయండి, రోజూ మాత్రం వద్దు.

ఇంకోటి, నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను. ఒక కంపెనీ ఫోన్ మెనూ కోసమని నా చేత చదివించింది. కొన్నాళ్ళకి అదే గొంతు వాళ్ళ టీవీ యాడ్‌లో విన్నాను. అడిగితే "అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా" అన్న వాక్యం చూపించారు. అప్పటి నుంచి ఎక్కడ వాడతారు, ఎన్నాళ్ళు వాడతారు అన్నవి రెండూ రాయించుకోకుండా చేయడం లేదు. ఈ మధ్య "ఏఐ శిక్షణకు వాడుకునే హక్కు" అని కూడా చేరుస్తున్నారు. ఆ వాక్యం కొట్టేయమని అడగండి. కొట్టేయమంటే పని పోతుందన్న భయం నాకూ ఉండేది. చాలామంది మారు మాట్లాడకుండా కొట్టేశారు.

---

నరసాపురం టు న్యూజెర్సీ
గురువారం, ఉదయం 5.40

ఏఐ మాట వచ్చింది కాబట్టి. ఇక్కడ వీడియో గేమ్ నటులు 2024 జులైలో సమ్మెకి దిగారు. సుమారు ఏడాది సాగింది, ముఖ్య కారణం ఏఐయే. మన దేశంలోనూ కోర్టులు పట్టించుకుంటున్నాయి. 2023 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు అనిల్ కపూర్ గారి పేరు, రూపంతో పాటు గొంతునీ అనుమతి లేకుండా వాడకూడదంది. 2024 జులైలో బాంబే హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గారి గొంతుని ఏఐతో తయారుచేసే వాళ్ళని ఆపింది. వాళ్ళంతా పేరున్నవాళ్ళు, లాయర్లున్నవాళ్ళు. మనకి ఉన్న కాపలా సంతకం పెట్టే కాగితమే. "ఈ రికార్డింగ్‌తో గొంతు నకలు తయారుచేయకూడదు" అని ఒక్క వాక్యం చేర్పించండి.

---

తణుకు ఆడిటర్
గురువారం, ఉదయం 10.10

క్లుప్తంగా. ప్రతి పనికీ తేదీ, పని పేరు, వాడకం, మొత్తం రాసి బిల్లు పంపండి. ప్రొఫెషనల్ ఫీజు మీద కంపెనీలు 10 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే పన్ను) పట్టుకుంటాయి. 2025 ఏప్రిల్ నుంచి ఒక కంపెనీ చెల్లింపులు ఏడాదికి 50,000 దాటితేనే ఇది వర్తిస్తుంది, అంతకుముందు 30,000. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పడుతుంది. పట్టుకున్నది ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో చూసుకుని రిటర్న్ వేస్తే, కట్టాల్సిన పన్ను లేనప్పుడు వెనక్కి వస్తుంది. చాలామంది ఆర్టిస్టులు ఇది అడగకుండా వదిలేస్తున్నారు. ఏడాది ఆదాయం 20 లక్షలు దాటే వరకు మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. "జీఎస్టీ లేకపోతే పని ఇవ్వం" అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

---

లంకల అమ్మాయి
ఆదివారం, మధ్యాహ్నం 3.20

బొంతలు కట్టాను, ఫ్యాన్ ఆపాను, ఛార్జర్ పీకేశాను. హమ్ నిజంగానే పోయిందండి! మూడు శాంపిల్స్ లింకులు పెట్టాను. యాస ముక్కకి మా పెద్దమ్మ కొబ్బరికాయల వర్తకుడితో బేరమాడే తీరు తీసుకున్నాను. పంపే ముందు ఒకసారి వినిపెట్టండి.

---

పద్యం మాస్టారు
ఆదివారం, సాయంత్రం 5.00

యాస ముక్క విన్నాను. "అంత రేటు ఎవరిస్తారండి బాబూ" దగ్గర ఆగిన తీరు బాగుంది, దాన్ని ముట్టుకోకు. నరేషన్‌లో "విశేషం" రెండుసార్లు వచ్చింది, రెండోసారి ష కాస్తా స అయింది.

---

కాకినాడ సౌండ్
ఆదివారం, రాత్రి 8.45

యాడ్స్ ఫైల్ అలాగే పంపేయండి. యాస ముక్క పాత్రల ఫైల్లో మొదటికి తీసుకురండి, ఇప్పుడు మూడోది ఉంది. నరేషన్ మాత్రం మళ్ళీ చదవాలి. మాస్టారు చెప్పిన ష ఒకటి, పద్నాలుగో సెకను దగ్గర కుర్చీ కిర్రుమన్నది ఒకటి. నిలబడి చదవండి, ఊపిరి కూడా బాగా అందుతుంది. రేపు రాత్రికి పెడితే లెవెల్స్ చూసి పంపిస్తాను.